మరకా, టిక్కా

కాశీబుగ్గలో రైలు గేటు దాటాక
జీడి బట్టీల పొగ ఎటు వాలితే అటే వీధి.
నా సంచిలో నలభై ఫారాలు, రెండు పెన్సిళ్ళు,
నొప్పితో బతికేవాళ్ళకి తోడెంతుందో
సున్నా నుంచి నాలుగు దాకా కొలిచే పన్నెండు ప్రశ్నలు.
రోజుకి ఆరిళ్ళు. ఇంటికి ఎనభై రూపాయలు.

తవిటమ్మ గుమ్మంలోనే కూర్చుంది, గోడకి వీపు ఆన్చి.
పంతొమ్మిదేళ్ళు కటింగు మిషను తొక్కిన కాలు
మిషను లేకపోయినా రాత్రుళ్ళు తొక్కుతూనే ఉంటుందట.

"మీకు సామాజిక మద్దతు ఏ మేరకు..." చదివాను.
"మద్దతా? పిక్కలకేనా? బస్తాకెంతంటన్నారు?"
పిక్కలకి కాదమ్మా, మనిషికి.
"మనిసికి మద్దతు దరేటి తల్లీ" అని నవ్వింది.
నవ్వు నడుం దాకా వెళ్ళి అక్కడ పట్టేసింది.

ఫారంలో నొప్పి అని ఒక్కటే మాట.
ఆవిడ దగ్గర తీపుంది, సలుపుంది, పోటుంది,
మబ్బు పట్టిన్నాడు మాత్రమే వచ్చే పీకుడుంది.
వంగి చెంబు తీస్తే జివ్వుమనేదానికి
తోడికోడలి పేరు పెట్టుకుంది: దమయంతి.

ఒకటి. మీ బాధ చెప్పుకోడానికి ఎవరైనా ఉన్నారా?
"నేరు."
రెండు. పని చెయ్యలేని రోజున సాయపడేవాళ్ళు?
"నేరు."
మూడోదానికి చెయ్యి ఊపింది, ఈగని తోలినట్టు.
అప్పుడే పక్క వాకిట్లోంచి ఒకావిడ వచ్చి
ఎవర్నీ పలకరించకుండా
నేల మీది నీళ్ళబిందె ఎత్తి
నడుం వంచక్కర్లేనంత ఎత్తున అరుగు మీద పెట్టి పోయింది.
ఎవరమ్మా?
"జివ్వుమంతాదన్నాను గదా, అదే.
దానికీ నాకూ మాటల్లేవు, మూడేళ్ళాయి."
నేను సున్నాలు వేసుకుంటూ పోయాను.
వాళ్ళు చెప్పిందే రాయాలి, చూసింది కాదు.

పక్కిల్లు దమయంతిది. తలుపు తియ్యలేదు.
దానికీ ఒక అంకె ఉంది: తొంభైతొమ్మిది.

వీధి చివర దాలయ్యకి నలభై ఎనిమిదికి నలభై ఎనిమిది.
గూడ్సు షెడ్డులో బస్తాలు మోసి అరిగిన మెడ.
పెళ్ళాం, ముగ్గురు కొడుకులు, బావమరిది.
ప్రతి ప్రశ్నకీ ఆయనకన్నా ముందు పెళ్ళాం:
"మేవున్నాం గదా."
ఆవిడ టీకని లోపలికెళ్ళగానే గొంతు తగ్గించాడు.
"ఇయాల నొప్పి నేదు అని
అబద్దం ఆడక్కర్నేని మనిసి ఒకడున్నాడా అని
అడగదేటి పాపా, నీ కాయితం?"
అడగదు. పన్నెండూ మళ్ళీ వెతికాను.

పదిహేను రోజులకి అవే ఇళ్ళు, అవే ప్రశ్నలు.
కొలబద్ద నిలకడ చూడ్డానికి.
జవాబు మారకపోతే కొలత మంచిదని లెక్క.

తవిటమ్మ పీట వేసి ఉంచింది.
ఒళ్ళో చేట, చేటలో ఇంటికి తెచ్చుకున్న పిక్కలు,
వేళ్ళు నల్లగా, తడిగా.
ఒకటి. మీ బాధ చెప్పుకోడానికి...
"ఉన్నారు."
ఎవరు?
"ఎవులేటి, నువ్వే.
అయిదో తారీకునొచ్చినావు, గంటన్నర కూకున్నావు,
మళ్ళీ వొత్తానన్నావు. వొచ్చినావు."
నేను లెక్కలోకి రానమ్మా. ఇది నా ఉద్యోగం.
"బిందెత్తేదానికి మాత్రం నానంటే పేనమేటి?
ఎత్తుతాది. అదీ రాసీ."

సర్వే చేసేవారిని లెక్కించరాదు అని
అయిదో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది.
పెన్సిలు గడి మీదే ఆగిపోయింది.
"ఇక్కడేనా?" అని ఆవిడే వేలు పెట్టి చూపించింది.

సోమవారం విశాఖపట్నం నుంచి ఫోను.
ఇరవైయేడో ఫారం, మొదటి ప్రశ్న, చివరి గడి.
నిలకడ పడిపోతోంది, ఆ ఒక్క ఫారం వల్లే.
సరిగ్గా చెప్పండి, అది టిక్కా, మరకా?

బస్టాండులో పర్లాకిమిడి బస్సు హారను కొడుతోంది.
జీడిరసం సార్, అన్నాను.
తుడిస్తే పోదు.